ఎడ్వర్డ్ చేతకానివాడు కాడు

ఇంగ్లండును 1307 నుంచి 1327 దాకా ఏలిన రెండో ఎడ్వర్డ్ గురించి ఎవరిని కదిపినా ఒకటే పాట. తండ్రి పులి, కొడుకు పిల్లి. రాజ్యాన్ని గాలికొదిలేసి స్నేహితుల వెంట తిరిగాడు, స్కాట్లండు చేతిలో చావుదెబ్బ తిన్నాడు, కట్టుకున్న భార్యే తిరగబడితే కిరీటం వదులుకున్నాడు, చివరికి చెరలో ఎర్రగా కాల్చిన ఇనపకడ్డీకి బలయ్యాడు. ఎం.ఏ. ఇంగ్లిషులో మార్లో నాటకం చదివినవాళ్లకు ఈ కథ కొత్తది కాదు. చదవనివాళ్లకు 1995లో ‘బ్రేవ్‌హార్ట్’ సినిమా నేర్పింది. ఆ సినిమాలో ఇతని భార్య ఇసబెల్లా విలియం వాలెస్‌ను ప్రేమించి గర్భవతి అవుతుంది. వాలెస్‌ను చంపిన 1305లో ఆమె ఫ్రాన్సులో ఆడుకుంటున్న పదేళ్ల పిల్ల. ఎడ్వర్డ్‌తో పెళ్లి 1308లో గానీ కాలేదు. సినిమావాళ్లను ఏమనగలం! కానీ పాఠ్యపుస్తకాలూ కాస్త మర్యాదైన భాషలో ఇదే చెబుతాయి: రాజు బలహీనుడు, అందుకే పాలన చెడింది.

ఆ కార్యకారణ సంబంధంతోనే నాకు పేచీ. పాలన చెడిందనడంలో రెండో మాట లేదు. ఎడ్వర్డ్ మంచివాడని వాదించడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. కానీ అతని ఏలుబడిలో అధికారం పేరుతో జరిగిన అన్యాయాల్లో అతి ఘోరమైనవి ఏ సంవత్సరాల్లో జరిగాయో చూడండి. బారన్లు అతని చేతులు కట్టేసిన 1311లో కాదు, బానక్‌బర్న్‌లో ఓడి పారిపోయిన 1314లో కాదు. శత్రువులందరినీ తుడిచిపెట్టి, ఎదురనేది లేకుండా ఏలిన 1322 మార్చి నుంచి 1326 సెప్టెంబరు దాకా. ఆ నాలుగున్నరేళ్లలో రాజు మాటకు తిరుగులేదు, ఖజానా నిండుగా ఉంది, కచేరీలు గడియారంలా నడిచాయి. చెడ్డపాలనకు బలహీనతే కారణమైతే, రాజు బలం పెరిగేకొద్దీ జనానికి కాస్తయినా ఊపిరాడాలి కదా?

ముందు ఈ బలహీనుడి కథ ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1327 జనవరిలో ఎడ్వర్డ్‌ను గద్దె దించేటప్పుడు అతనిపై ఒక అభియోగపత్రం తయారుచేశారు. దాన్ని కూర్చడంలో వించెస్టర్ బిషప్ జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌ది పెద్ద చెయ్యి. అందులో మొట్టమొదటి ఆరోపణ ఏమిటంటే, రాజుకు పాలించే సామర్థ్యం లేదు, తన కాలమంతా ఇతరుల చెప్పుచేతల్లో, చెడు సలహాలతో నడిచాడు. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ పత్రం రాయించినవాళ్లు ఎవరు? భర్తపై సైన్యంతో దండెత్తి వచ్చిన ఇసబెల్లా, ఆమె పక్కనున్న రోజర్ మార్టిమర్, అప్పటికప్పుడు పక్షం మార్చిన బిషప్పులు, బారన్లు. వాళ్లకు కావలసింది రాజును మార్చడమే గాని రాజు చేతిలోని అధికారాన్ని తగ్గించడం కాదు. రేపు ఆ అధికారాన్ని రాజు కొడుకు, పద్నాలుగేళ్ల మూడో ఎడ్వర్డ్ పేరుమీద వాడుకోవలసింది వాళ్లే. రాజముద్రతో, కోర్టు తీర్పుతో, ఖజానా లెక్కలతో దోపిడీ జరిగిందని ఒప్పుకుంటే ఆ పనిముట్లకే మచ్చ అంటుకుంటుంది. పనిముట్టు మంచిదే, పట్టుకున్న చెయ్యే పనికిమాలినది అంటే అందరికీ సుఖం. గెలిచినవాళ్లు తమ అవసరానికి రాసుకున్న అభియోగాన్ని మనం ఏడు వందల ఏళ్లుగా చరిత్రగా వల్లిస్తున్నాం.

ఆ అభియోగానికి ముందు రాసిన సాక్ష్యం ఒకటి ఉంది. ఎడ్వర్డ్ జీవితాన్ని లాటిన్‌లో రాసిన పేరు తెలియని రచయిత ఒకాయన కథనం 1325లోనే ఆగిపోతుంది. రాజు పడిపోతాడని ఆయనకు తెలియదు, కాబట్టి గెలిచినవాళ్ల మెప్పు కోసం రాశాడనలేం. తొలి ఏళ్ల గురించి రాసేటప్పుడు ఆయన కూడా రాజు సోమరితనాన్ని, ఆంతరంగికుడు గావెస్టన్ మీద వ్యామోహాన్ని దెప్పుతాడు. చివరి పుటలకు వచ్చేసరికి గొంతు మారుతుంది. రాజు కాఠిన్యం ఇప్పుడెంత పెరిగిందంటే, ఎంత గొప్పవాడైనా, ఎంత తెలివైనవాడైనా ఎదురు చెప్పే సాహసం చేయడం లేదని వాపోతాడు. బలహీనుడి ముందు ఎవరూ అలా వణకరు.

తొలి పదిహేనేళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసిందే. పులి అని మనం పిలిచే తండ్రి, మొదటి ఎడ్వర్డ్, కొడుక్కి వదిలింది ముగియని స్కాట్లండు యుద్ధం, దాదాపు 2,00,000 పౌండ్ల అప్పు. పియర్స్ గావెస్టన్ అనే గాస్కనీ యువకుణ్ణి కొడుకు కార్న్‌వాల్ ఎర్ల్‌ను చేశాడు. బారన్లు మండిపడి 1311లో రాజు అధికారానికి హద్దులు గీసే ఆర్డినెన్సులు రుద్దారు, 1312 జూన్‌లో గావెస్టన్‌ను పట్టుకుని బ్లాక్‌లో గుట్ట మీద చంపారు. 1314లో బానక్‌బర్న్‌లో స్కాట్ల చేతిలో ఓటమి. ఆ వెంటనే వానలు. 1315, 1316ల్లో పైరు నీళ్లలో కుళ్లిపోయి యూరప్ ఉత్తరభాగమంతా కరువు. ఇంగ్లండులో పదో వంతు జనం పోయారని ఒక అంచనా. పశుమాంసానికి, కోళ్లకు ప్రభుత్వం ధర కడితే సరుకు సంతలోంచి మాయమైంది, ఏడాది తిరక్కుండానే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. వానకు ఏ రాజూ పూచీ కాడు. ఈ కాలంలో పాలన మందకొడిగా, గందరగోళంగా ఉందంటే ఒప్పుకుంటాను.

మరి ఆ గందరగోళానికి రాజొక్కడే కారణమా? అతనికి ఎదురు నిలిచిన దాయాది థామస్ లాంకస్టర్ చేతిలో ఐదు ఎర్ల్‌డమ్‌లు, ఏటా 11,000 పౌండ్ల ఆదాయం. బానక్‌బర్న్‌కు తాను వెళ్లలేదు. 1316లో లింకన్ పార్లమెంటు ఆయన్ను రాజు సలహామండలికి పెద్దను చేస్తే, కొన్నాళ్లకే తన కోటలో కూర్చుని అడుగు బయటపెట్టలేదు. పైగా స్కాట్లతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడు. వాటిలో ఆయన మారుపేరు ఆర్థర్ రాజు! బలహీనుడైన రాజును సరిదిద్దబోయిన దేశభక్తులని మనం పాఠాల్లో చదివే బారన్లలో అగ్రగణ్యుడు ఈయనే.

రాజును చేతకానివాడనడానికి అప్పటివాళ్లు చూపిన రుజువుల్లో ఇంకొకటి కూడా ఉంది. ఎడ్వర్డ్‌కు గోతులు తవ్వడం, ఇంటికి కప్పు నేయడం, పడవ నడపడం ఇష్టం. వడ్రంగులతో, పడవవాళ్లతో కలిసి కూర్చునేవాడు. రాజపుత్రుడికి ఇదేం బుద్ధి అని సన్యాసి చరిత్రకారులు ఈసడించుకున్నారు. ఇవాళ చదివితే ఆ మనిషి జీవితంలో మనకు నచ్చేది అదొక్కటేనేమో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1322 మార్చి 16న బరోబ్రిడ్జ్ దగ్గర, తిరగబడిన లాంకస్టర్ ఓడిపోయి దొరికాడు. ఆరు రోజులకు పాంటిఫ్రాక్ట్‌లో, తన కోటలోనే, విచారణ. విచారణ అన్నది పేరుకే. అతని నేరాలు రాజుకు తెలుసు, రాజుకు తెలిస్తే అదే రుజువు, కాబట్టి ముద్దాయి నోరు విప్పనక్కర్లేదు. అదే రోజు తల నరికారు. తర్వాతి వారాల్లో ఇరవైకి పైగా బారన్లను, నైట్లను దేశంలో పలుచోట్ల ఉరితీశారు. రెండేళ్ల దాకా, 1324లో బిషప్పులు వేడుకునేదాకా, ఉరికొయ్యల మీది శవాలను దించి పూడ్చనివ్వలేదు. 1322 మే నెలలోనే యార్క్ పార్లమెంటు 1311 ఆర్డినెన్సులను రద్దు చేసింది. తిరగబడినవాళ్ల భూములన్నీ రాజు స్వాధీనం. ప్రాణాలు దక్కినవాళ్లకు జుల్మానాలు వేసి, వాటిని ఏటేటా కిస్తుల్లో కట్టమన్నారు. కిస్తీ బాకీ ఉన్నంతకాలం మనిషి నోరెత్తడు. ఇదంతా చేతకానివాడు చేసే పనిలా ఉందా?

ఒక్క మనిషి కథ దగ్గరగా చూద్దాం. ఎలిజబెత్ డి క్లేర్ రాజుకు స్వయానా మేనకోడలు, అక్క కూతురు. బానక్‌బర్న్‌లో ఆమె అన్న చనిపోతే క్లేర్ వంశపు భూములు ముగ్గురు అక్కచెల్లెళ్లకు వాటాలుగా వచ్చాయి. పెద్దామె ఎలియనోర్ భర్త హ్యూ డిస్పెన్సర్. గావెస్టన్ తర్వాత రాజుకు అంతటి ఆంతరంగికుడు. పెద్ద వాటా, గ్లామోర్గన్, అతనికే వచ్చింది. అతని కన్ను మరదలి వాటా మీద పడింది. ఎలిజబెత్ భర్త రోజర్ డామరీ తిరుగుబాటుదారుల్లో చేరి 1322 మార్చిలో చనిపోయాడు. వెంటనే ఆమెను పిల్లలతో సహా పట్టుకుని బార్కింగ్ సన్యాసినుల మఠంలో పెట్టారు. వేల్స్‌లోని అస్క్ భూమిని బావకు రాసిచ్చి, బదులుగా అంతకంటే చాలా తక్కువ విలువైన గవర్ తీసుకుంటే వదిలేస్తామన్నారు. రాసిచ్చింది.

అంతటితో ఆగలేదు. ఆ క్రిస్మస్‌కు యార్క్‌లో ఉన్న మేనమామ రమ్మని కబురంపాడు. వెళ్లింది. అక్కడ ఆమెను తన సలహాదార్ల నుంచి విడదీశారు, వాళ్లను నిర్బంధించారు. తన హక్కులన్నీ వదులుకుంటున్నట్టు, అదీ తన ఇష్టపూర్వకంగానే అన్నట్టు, ముందే రాసిపెట్టిన పత్రం మీద ముద్ర వేయమన్నారు. వేయకపోతే రాజు కింద నీకు సెంటు భూమి కూడా ఉండదన్నారు. మొదట ఒప్పుకోలేదు, చివరికి వేసింది. ఆ తర్వాత గవర్ కూడా దక్కలేదు. దాని పాత యజమాని విలియం డి బ్రావోజ్ చేత ఆమె మీద దావా వేయించారు, ఆయన గెలిచాడు, గెలిచినదాన్ని తీసుకెళ్లి డిస్పెన్సర్ తండ్రీకొడుకుల చేతిలో పెట్టాడు. దావా, వాదన, తీర్పు, ముద్ర: కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. కంచే చేను మేసింది.

1326 మేలో ఎలిజబెత్ ఈ సంగతులన్నీ ఒక నిరసన పత్రంగా రాయించి రహస్యంగా దాచిపెట్టింది. బలవంతాన ముద్ర వేయించుకున్నారని, కాలం మారినప్పుడు తన హక్కు చెల్లాలని అందులో చెప్పుకుంది. రాజు మేనకోడలికే, కేంబ్రిడ్జ్‌లో తర్వాతి కాలంలో తన వంశం పేరుతో ఒక కాలేజీ నిలబెట్టగలిగినంత ఆస్తిపరురాలికే, బయటికి ఫిర్యాదు చేసే దారి లేకపోయింది. ఇక చిన్న రైతు సంగతి ఊహించుకోవచ్చు.

ఆమె ఒక్కతే అయితే కుటుంబ తగాదా అని సరిపెట్టుకోవచ్చు. లాంకస్టర్ వితంతువు ఆలిస్ డి లేసీ భర్తకు దూరమై అప్పటికి ఐదేళ్లు. భర్త తిరుగుబాటుతో ఆమెకేమీ సంబంధం లేదు. అయినా ఆమెనూ బంధించి, తండ్రి నుంచి వచ్చిన భూముల్లో చాలా భాగం రాయించుకున్నారు. 1324లో పెంబ్రోక్ ఎర్ల్ చనిపోతే, అతని వారసుల్లో ఒకరైన ఎలిజబెత్ కోమిన్‌ను నిర్బంధించి గుడ్‌రిచ్ కోటను, పెయిన్స్‌విక్ మేనర్‌ను డిస్పెన్సర్ తండ్రీకొడుకుల పేర రాయించేదాకా వదల్లేదు. వితంతువులు, పెళ్లికాని వారసురాళ్లు: ఏరికోరి ఎవరి తరఫున వాదించడానికి మగదిక్కు లేదో వాళ్ల మీదే పడ్డారు. లెక్క తెలిసినవాళ్ల పని ఇది.

ఇక్కడ బలహీనతావాదులు తమ ఆఖరి అస్త్రం తీస్తారు. ఇదంతా చేసింది డిస్పెన్సర్, రాజు అతని చేతిలో కీలుబొమ్మ అంటారు. డిస్పెన్సర్ దురాశ గురించి నాకు అనుమానం లేదు. పతనమయ్యేనాటికి ఫ్లోరెన్సు వడ్డీవ్యాపారులైన బార్డీ, పెరుజ్జీల దగ్గర అతని పేర దాదాపు 6,000 పౌండ్లు నిలవున్నాయి. కానీ యార్క్‌కు మేనకోడల్ని పిలిపించింది రాజు. ఆమెను బెదిరించింది రాజు కొలువులోనే. తిరుగుబాటుదారుల భూముల మీద వచ్చే అయివేజు వెళ్లింది రాజు ఖజానాకు. పనులు అలా చేయండి, మేం ధనవంతులం కావాలి అంటూ ఎక్స్‌చెకర్ అనే ఖజానా కచేరీ అధికారులకు పురమాయించిందీ రాజే. 1326లో ఖజానాలో తేలిన నిల్వ 60,000 పౌండ్ల పైమాట. రెండు లక్షల అప్పుతో మొదలుపెట్టిన మనిషి అతను! అతని తండ్రికి గానీ, తర్వాత కొడుక్కి గానీ ఇలాంటి నిల్వ ఊహకందని సంగతి. కీలుబొమ్మ ఎవరి చేతిలో ఉందో గాని, డబ్బు మాత్రం రాజు పెట్టెలో ఉంది.

ఇంకో రకం వాదన ఉంది, ఇది పండితులది. 1914లో టి.ఎఫ్. టౌట్ అనే మాంచెస్టర్ ఆచార్యుడు ఈ రాజు కాలాన్ని ఇంగ్లిషు పాలనాచరిత్రలోనే మలుపుగా చూపించాడు. రాజు ఎలాంటివాడైనా, అతని కాలంలో కచేరీలు బాగుపడ్డాయని ఆయన సారాంశం. నిజమే, బాగుపడ్డాయి. కోశాధికారి, ఎక్సెటర్ బిషప్ వాల్టర్ స్టేపుల్డన్ హయాంలో మొదలై 1323 నుంచి 1326 దాకా ఒకదాని తర్వాత ఒకటి ఎక్స్‌చెకర్ సంస్కరణ ఉత్తర్వులు వచ్చాయి. చిందరవందరగా పడి ఉన్న రికార్డులు సర్ది జాబితా రాయించారు, పాత బాకీలు తవ్వి తీశారు, లెక్కలు రాసే పద్ధతి మార్చారు. టౌట్ దీన్ని రాజు అయోగ్యతకు అవతల జరిగిన మంచిగా చూశాడు. నాకు మాత్రం అవి ఒకే పనికి రెండు చేతుల్లా కనిపిస్తాయి. తాతల నాటి బాకీ వెతికి తీయగలిగితే ఎవరి మెడకైనా ఉచ్చు వేయవచ్చు. జప్తు చేసిన వందలాది మేనర్ల రాబడిని పైసాతో సహా లెక్కకట్టాలంటే పనితనం గల గుమస్తాలు కావాలి. గుమస్తాలు నిద్రపోతే ఇంత దోపిడీ సాధ్యమే కాదు. లండన్ జనం ఈ సంగతి టౌట్ కంటే బాగా గ్రహించారు: 1326 అక్టోబరు 15న స్టేపుల్డన్‌ను గుర్రం మీంచి లాగి చీప్‌సైడ్ బజారులో తల కోసేశారు. చేతకాని ప్రభుత్వంలో కోశాధికారిగా చేసినవాడి మీద అంత కసి ఎవరికీ ఉండదు.

డబ్బు అంత ఉంటే దాంతో దేశానికేం ఒరిగింది? ఉత్తరాన స్కాట్లు వచ్చి ఊళ్లు తగలబెట్టారు. 1322 అక్టోబరులో ఓల్డ్ బైలండ్ దగ్గర రాజే వాళ్ల చేతికి చిక్కబోయి తప్పించుకున్నాడు. బరోబ్రిడ్జ్‌లో రాజును గెలిపించిన ఆండ్రూ హార్‌క్లే సరిహద్దులో ఉండేవాడు, జనం బాధ తెలిసినవాడు. కార్లైల్ ఎర్ల్ పదవి దక్కి ఏడాది కాలేదు. ఈ యుద్ధం గెలిచేది కాదని తెలిసి 1323 జనవరిలో స్కాట్ల రాజు రాబర్ట్ బ్రూస్‌తో సంధి మాట్లాడుకొచ్చాడు. రాజద్రోహమని మార్చిలో అతన్ని ముక్కలుగా నరికారు. మే నెలాఖరుకు రాజే బ్రూస్‌తో పదమూడేళ్ల యుద్ధవిరామం రాసుకున్నాడు. సమర్థుణ్ణి చంపి అతని సలహానే పాటించడమన్న ఈ వికారం ఎక్కడిది? తన అనుమతి లేకుండా ఎవడూ, మంచికైనా, నిర్ణయం తీసుకోకూడదన్న రాజు పట్టుదలలోది.

అందుకే 1326 సెప్టెంబరు 24న ఇసబెల్లా, మార్టిమర్ సఫోక్‌లో ఆర్వెల్ దగ్గర దిగినప్పుడు వాళ్ల వెంట ఉన్నది చిన్న పటాలమే అయినా రాజ్యం ఆకు రాలినట్టు రాలిపోయింది. రాజు జీతాలిస్తానన్నాడు, మార్టిమర్ తలకు వెల కట్టాడు, డబ్బు పెట్టెలు వెంటబెట్టుకుని వేల్స్ వైపు పరుగెత్తాడు. మనిషి రాలేదు. ఖజానాకు లోటు లేదు, ఆ రోజున రాజు కోసం కత్తి దూయడానికి కారణం ఉన్నవాడే లేడు. నవంబరు 16న లాంట్రిసెంట్ దగ్గర దొరికిపోయాడు. కడ్డీ కథ నమ్మేవాళ్లకు ఒక మాట: 1327 సెప్టెంబరు 21న బర్క్‌లీ కోటలో చనిపోయాడని ప్రకటించినప్పటి తొలి రాతల్లో ఆ కడ్డీ లేదు, తర్వాత వచ్చి చేరింది.

అధికారంలోకి వచ్చినవాళ్లు ఏం చేశారు? ఇసబెల్లా తన మనుగడకు ఏటా 20,000 మార్కులు, అంటే 13,000 పౌండ్లకు పైగా, రాయించుకుంది. ఎడ్వర్డ్ కూడబెట్టిన నిధి నాలుగేళ్లలో హరించుకుపోయింది. లాంకస్టర్‌ను మాట్లాడనివ్వకుండా చంపారని 1327లో ఆ తీర్పును కొట్టేసినవాళ్లే, అంతకు కొద్ది నెలల ముందు హెరిఫర్డ్‌లో డిస్పెన్సర్‌నూ మాట్లాడనివ్వకుండా చంపారు. 1330లో కుర్ర రాజు మూడో ఎడ్వర్డ్ నాటింగ్‌హామ్ కోటలో మార్టిమర్‌ను పట్టించి, అతన్ని కూడా నోరు విప్పనివ్వకుండా ఉరికి పంపాడు. కాబట్టి 1322లో పాంటిఫ్రాక్ట్‌లో మొదలైన పద్ధతి దాన్ని తెచ్చిన రాజుతో పోలేదు. 1354లో మార్టిమర్ మనవడు తాతపై తీర్పును కొట్టేయించుకున్నాడు, ముద్దాయి మాట వినలేదన్న కారణంతోనే. ఆ ఏడే పార్లమెంటు ఒక శాసనం చేసింది: ఏ అంతస్తు మనిషినైనా సరే, న్యాయక్రమం ప్రకారం పిలిచి జవాబు చెప్పుకోనివ్వకుండా భూమి నుంచి వెళ్లగొట్టకూడదు, పట్టుకోకూడదు, ఖైదు చేయకూడదు, వారసత్వం తీసేయకూడదు, చంపకూడదు. చేతకాని రాజు చేసే తప్పులు ఆ జాబితాలో ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ 1322 తర్వాత రాజముద్ర కింద, లెక్కాపత్రంతో సహా, పకడ్బందీగా జరిగిన పనులే.